పెరుగుదల నియంత్రకాలు, పంట దిగుబడి: పొలంలో పరీక్షించే తీరు

ఎరువులు, పురుగుమందులు అమ్మే ఏ దుకాణానికి వెళ్ళినా ఒక అర నిండా చిన్న సీసాలు కనిపిస్తాయి. పూత నిలుస్తుందని, కాయ ఊరుతుందని, దిగుబడి 10 శాతం పెరుగుతుందని వాటితో ఇచ్చే కరపత్రాల్లో రాసి ఉంటుంది. ఆ సీసాల్లో కొన్నింటిలో నిజంగా పనిచేసే వృక్ష వృద్ధి నియంత్రకాలు ఉన్నాయి. మరికొన్నింటిలో ఏముందో చెప్పడం కష్టం. రైతుకు కావలసింది మాత్రం ఒక్కటే: ఇది కొడితే పంట పెరుగుతుందా, పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా? ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు, సైటోకైనిన్లు, అబ్సిసిక్ ఆమ్లం, ఇథిలీన్ మొక్కలో చేసే పనులను మీరు ఇంతకుముందే చదివారు. ఈ భాగంలో వాటి ప్రభావాన్ని పొలంలో, దిగుబడి రూపంలో ఎలా పరీక్షించాలో తెలుసుకుందాం.

పొలం ఒక్కటే, దిగుబడి ఒక్కటి కాదు

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో మెర్సర్, హాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఎకరం గోధుమ పొలాన్ని 500 చిన్న మళ్ళుగా విభజించి, ప్రతి మడి పంటను విడిగా కోసి, గింజలు తూచారు. ఆ ఫలితాలు 1911లో వెలువడ్డాయి. పొలమంతా ఒకే రకం గోధుమ, ఒకే తీరు సాగు. ఏ మడికీ ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. అయినా ఒక మడిలో 2.73 పౌన్ల గింజలు వస్తే మరొక మడిలో 5.16 పౌన్లు వచ్చాయి. సగటు 3.95 పౌన్లు.

ఈ అంకెలను కాసేపు ఆలోచించండి. ఏ మందూ వేయని పొలంలోనే ఒక మడికీ మరొక మడికీ దాదాపు రెట్టింపు తేడా ఉంది. ఆ 500 మళ్ళలో ఏవో రెండింటిని తీసుకుని, ఒకదానిపై ఏదో ఒక ద్రావణం చల్లి ఉంటే, అదృష్టం కలిసివస్తే 20, 30 శాతం పెరుగుదల చూపించగలిగేవాళ్ళం. రోడ్డు పక్కన బోర్డు పాతి, ఇటు మందు కొట్టిన చేను, అటు కొట్టని చేను అని చూపే ప్రదర్శన క్షేత్రాలకు రుజువుగా విలువ లేకపోవడానికి కారణం ఇదే. అక్కడ అబద్ధం ఉండనవసరం లేదు. రెండు మళ్ళ మధ్య సహజంగా ఉండే తేడాకూ, మందు వల్ల వచ్చిన తేడాకూ మధ్య గీత గీయడానికి ఆధారం లేదు, అంతే.

నియంత్రకాల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. నత్రజని లేని భూమిలో యూరియా వేస్తే దిగుబడి ఎంతగా పెరుగుతుందో కంటికే తెలుస్తుంది. నియంత్రకాల ప్రభావం సాధారణంగా చిన్నది. పొలంలోని సహజమైన హెచ్చుతగ్గుల కంటే చిన్నది. చిన్న ప్రభావాన్ని పెద్ద గందరగోళంలోంచి వెతికి తీయడమే ఇక్కడ మన పని.

పెరుగుదల వేరు, దిగుబడి వేరు

ప్రయోగం వేసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ పంటలో, ఈ భూమిలో, దిగుబడిని ఆపుతున్నది ఏమిటి? నియంత్రకం ఆ అడ్డంకిని తొలగిస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా వేసిన ప్రయోగాలే ఎక్కువగా దారి తప్పుతాయి.

జిబ్బరెల్లిన్ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. జపానులో వరికి బకానే అనే తెగులు వచ్చేది. ఆ మాటకు ‘తెలివితక్కువ నారు’ అని అర్థం. తెగులు సోకిన మొక్కలు పక్క మొక్కల కంటే ఎత్తుగా, సన్నగా ఎదిగి, చివరికి పడిపోవడమో తాలు పోవడమో జరిగేది. తెగులు కలిగించే శిలీంధ్రం స్రవించే పదార్థమే ఈ ఎదుగుదలకు కారణమని 1926లో కురొసావా చూపించాడు. 1935లో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. అంటే మొదటి నుంచీ ఈ పదార్థం మనకు చెబుతున్నది ఒకటే: మొక్క బాగా ఎదిగినంత మాత్రాన గింజ పెరగదు. తరువాతి కాలంలో వరి దిగుబడిని పెంచిన పొట్టి రకాలు, 1966లో వచ్చిన ఐ.ఆర్. 8 వంటివి, తమలో జిబ్బరెల్లిన్ తక్కువగా తయారవడం వల్లనే పొట్టిగా ఉంటాయి. ఎదుగుదల తగ్గించడం వల్ల దిగుబడి పెరిగిందన్నమాట.

అదే జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని తెలంగాణలో కరీంనగర్, వరంగల్ ప్రాంతాల హైబ్రిడ్ వరి విత్తన రైతులు ఏటా పిచికారీ చేస్తారు. అది అక్కడ తప్పకుండా పనిచేస్తుంది. ఎందుకు? హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో ఆడ వరుసలుగా వాడే పురుష వంధ్య రకాల్లో కంకి పోటాకు తొడిమలోంచి పూర్తిగా బయటికి రాదు. లోపలే ఉండిపోయిన పూలకు పుప్పొడి అందదు, గింజ కట్టదు. 5 నుంచి 10 శాతం కంకులు బయటపడే దశలో, హెక్టారుకు సుమారు 45 నుంచి 60 గ్రాముల జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తే కంకి కాడ సాగి, కంకి బయటికి వస్తుంది. ఇక్కడ అడ్డంకి ఏమిటో తెలుసు, మందు ఆ అడ్డంకిపైనే పనిచేస్తుంది, ఫలితం పెద్దది. ఇదే మందును పక్కనే ఉన్న మామూలు వరి మడిలో కొడితే కాడలు సాగి, పైరు పడిపోయే ప్రమాదమే ఎక్కువ.

గోధుమలో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ సంగతి దీనికి తిరగేసినట్లు ఉంటుంది. 1960లో టోల్బర్ట్ దీని ప్రభావాన్ని వివరించాడు. ఇది జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకుని కాడను పొట్టిగా, గట్టిగా చేస్తుంది. ఐరోపా రైతులు దీన్ని విరివిగా వాడారు. నత్రజని ఎక్కువ వేసినా పైరు పడిపోకుండా ఉండడమే వాళ్ళకు కావలసింది. అయితే పైరు పడిపోని సంవత్సరంలో, నత్రజని తక్కువ వేసిన పొలంలో దీన్ని పరీక్షిస్తే ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు మందు పనిచేయదని రాస్తామా? అందుకే ఇటువంటి మందును నత్రజని మోతాదులతో కలిపి, ప్రతి మోతాదు దగ్గరా మందుతోనూ మందు లేకుండానూ పరీక్షించాలి. పత్తిలో వాడే మెపిక్వాట్ క్లోరైడ్ కూడా ఇంతే. నీరు, నత్రజని సమృద్ధిగా ఉండి, మొక్కలు దగ్గర దగ్గరగా ఉండి, ఆకు విపరీతంగా పెరిగే చేనులో అది ఉపయోగపడుతుంది. వానాధారంగా, తేలిక నేలలో, బెట్టకు ఇప్పటికే కుంగి ఉన్న చేనులో ఎదుగుదలను ఇంకా ఆపితే నష్టమే కలగవచ్చు.

పత్తిలో గూడ, పూత, పిందె రాలడం మన రైతులను బాధించే మరో సమస్య. దీనికి నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం, అంటే ఎన్.ఎ.ఎ. వాడతారు. తొడిమ దగ్గర ఏర్పడే రాలు పొరపై ఇథిలీన్ పనిచేస్తే పిందె రాలుతుంది. ఆక్సిన్ దాన్ని ఆలస్యం చేస్తుంది. సిద్ధాంతం సరైనదే. కానీ మొక్క ఎందుకు రాలుస్తోంది? మబ్బు పట్టి కిరణజన్య సంయోగక్రియ తగ్గితే, ఉన్న కాయలకే చక్కెరలు చాలక అది కొన్నింటిని వదులుకుంటుంది. అటువంటప్పుడు పిందెను బలవంతంగా నిలిపితే కాయల సంఖ్య పెరిగి, కాయ బరువు తగ్గవచ్చు. చివరికి తక్కెడలో తేడా ఏమీ ఉండకపోవచ్చు. కాబట్టి మొక్కకు ఇన్ని కాయలు ఎక్కువ నిలిచాయని చెప్పి ప్రయోగాన్ని ఆపకూడదు. కాయల సంఖ్య, కాయ బరువు, మొత్తం పత్తి బరువు మూడూ కావాలి. పురుగు వల్ల రాలితే, అసలు ఈ మందు ప్రశ్నే తలెత్తదు.

ఒక హెచ్చరిక: ట్రయకాంటనాల్

అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ రీస్ బృందం, తరిగిన అల్ఫాల్ఫా గడ్డిని మొక్కల దగ్గర వేసినప్పుడు మొక్కలు ఎక్కువగా పెరగడం గమనించింది. గడ్డిలోని పోషకాలతో మాత్రమే వివరించలేని ఈ ప్రభావానికి కారణం 30 కార్బన్‌ల పొడవైన గొలుసు గల ఒక ఆల్కహాల్ అని 1977లో ప్రకటించారు. అదే ట్రయకాంటనాల్, చాలా మొక్కల ఆకులపై ఉండే మైనంలో సహజంగా ఉండే పదార్థం. అతి స్వల్ప మోతాదులో, ప్రయోగశాలలో వరి నారుపై దీని ప్రభావం స్పష్టంగా కనిపించింది. ఆశలు చాలా పెరిగాయి.

పొలానికి వచ్చేసరికి ఒకచోట పెరిగిన దిగుబడి మరొకచోట పెరగలేదు. 1979లోనే ఆ బృందమే ఒక కారణం చూపించింది. దీనికి దగ్గరి పోలికలున్న ఇతర పొడవు గొలుసు సమ్మేళనాలు కొద్దిగా కలిసినా ట్రయకాంటనాల్ ప్రభావం అణగిపోతోంది. పైగా అది నీటిలో కరగదు. నీటిలో దాన్ని ఎలా కలిపారు, ఎంత శుద్ధంగా ఉంది అనే వాటిని బట్టి ఫలితం మారిపోతుంది. మన దేశంలో ట్రయకాంటనాల్ గల మందులు చాలా కాలంగా అమ్ముడవుతున్నాయి. వాటిలో ప్రతి ఒక్కటీ వ్యర్థమని నేను అనడం లేదు. కుండీలో వరి నారు చెప్పిన మాటను హెక్టారు పొలం ఒప్పుకోవాలని నియమమేమీ లేదని మాత్రం ఈ ఉదాహరణ చెబుతుంది.

పోల్చడానికి ఏమి పెట్టాలి?

ప్రయోగంలో అతి ముఖ్యమైన మడి, మందు కొట్టని మడి. దాన్ని ఎలా ఉంచుతామన్నదాన్ని బట్టే మందు విలువ తేలుతుంది. ఏమీ చేయకుండా వదిలేసిన మడితో మాత్రమే పోల్చడం చాలదు. పిచికారీ చేసేటప్పుడు మనిషి చేనులో నడుస్తాడు, ఆకులు తడుస్తాయి, దుమ్ము పోతుంది, చిన్న పురుగులు కొన్ని రాలిపోతాయి. అందుకే నీరు మాత్రమే పిచికారీ చేసిన మడి ఒకటి తప్పనిసరి. ఆ నీరు మొక్క దాహం తీరుస్తుందని అనుకోకండి. హెక్టారుకు 500 లీటర్ల నీరు అంటే 10,000 చదరపు మీటర్లపై 0.05 మిల్లీమీటర్ల వాన, అంతే.

అది కూడా ఒక్కోసారి చాలదు. జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని ముందు ఆల్కహాల్‌లో కరిగిస్తాం. ద్రావణం ఆకుకు అంటుకోవడానికి సబ్బు వంటి పదార్థం కలుపుతాం. అంగట్లో దొరికే మందుల్లో కొన్నింటిలో జింకు, బోరాన్, యూరియా కూడా ఉంటాయి. జింకు లోపం ఉన్న భూమిలో అటువంటి మందు కొడితే దిగుబడి పెరిగింది హార్మోను వల్లనా, జింకు వల్లనా? నియంత్రకం తప్ప మిగిలినవన్నీ అదే పాళ్ళలో ఉన్న ద్రావణాన్ని మరో మడిలో కొడితే గాని తెలియదు.

మోతాదు దగ్గర చాలామంది తడబడతారు. పి.పి.ఎం. అంటే లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాములు. 4.5 శాతం ఎన్.ఎ.ఎ. ద్రావణంలో మిల్లీలీటరుకు సుమారు 45 మిల్లీగ్రాములు ఉంటాయి. ఒక మిల్లీలీటరును 4.5 లీటర్ల నీటిలో కలిపితే 10 పి.పి.ఎం. వస్తుంది. రైతులకు చెప్పే మాటలోని లెక్క ఇదే. హెక్టారుకు 500 లీటర్లు కొడితే 5 గ్రాముల ఎన్.ఎ.ఎ., అంటే సుమారు 111 మిల్లీలీటర్ల మందు పడుతుంది. ప్రయోగ నివేదికలో పి.పి.ఎం. ఒక్కటే రాసి, ఎన్ని లీటర్లు కొట్టారో రాయకపోతే ఆ ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేయలేరు. చేతి పంపుతో కొట్టిన నీటికీ, పవర్ స్ప్రేయర్‌తో కొట్టిన నీటికీ చాలా తేడా ఉంటుంది.

ఒకే మోతాదుతో సరిపెట్టకండి. ఆక్సిన్ల స్వభావమే అది: కొద్దిగా ఉంటే ఒక పని, ఎక్కువైతే దానికి విరుద్ధమైన పని. కలుపు మందుగా వాడే 2,4-డి కూడా ఆక్సిన్ వర్గానిదే. పక్క చేనులో కొట్టిన 2,4-డి గాలికి కొద్దిగా తగిలినా పత్తి ఆకులు వికృతంగా మారతాయి. ఇందులో ప్రయోగం చేసేవారికి రెండు పాఠాలున్నాయి. ఒకటి, కలుపు మందుకు వాడిన పంపును ఎంత కడిగినా సరే, నియంత్రకాల ప్రయోగానికి వాడకూడదు. రెండు, ఒక మడిలో కొట్టిన మందు పక్క మడికి చేరకూడదు. అందుకే గాలి లేని ఉదయం వేళ పిచికారీ చేయాలి. ప్రతి మడి చుట్టూ కొన్ని సాళ్ళు వదిలి, నడుమ భాగాన్నే కోసి తూచాలి. సాళ్ళ మధ్య ఒక మీటరు దూరం ఉన్న పత్తిలో 8 సాళ్ళు, 7 మీటర్ల పొడవున మడి వేసి, రెండు వైపులా రెండేసి సాళ్ళు, రెండు చివర్లా ఒక్కో మీటరు వదిలితే, తూచడానికి 4 సాళ్ళు, 5 మీటర్లు, అంటే 20 చదరపు మీటర్లు మిగులుతుంది.

పత్తిలో మరో మోసం ఉంది. కొన్ని నియంత్రకాలు కాయలు త్వరగా పగిలేలా చేస్తాయి. మొదటి తీతలో మందు కొట్టిన మడి ముందుంటుంది. చివరి తీతలో మిగిలినది దాన్ని అందుకుంటుంది. మొదటి తీత బరువుతో ఫోటో తీసి కరపత్రం వేయవచ్చు గాని, తీర్పు మాత్రం అన్ని తీతల మొత్తంపైనే ఇవ్వాలి. తీసేవాళ్ళకు, తూచేవాళ్ళకు ఏ మడిలో ఏమి కొట్టారో తెలియనివ్వకండి. సీసాలకు సంకేత సంఖ్యలు ఇవ్వడం ఖర్చు లేని పని. అయినా చాలా ప్రయోగాల్లో ఆ పని చేయరు.

అంకెలతో ఒక అభ్యాసం

1919లో రోథామ్‌స్టెడ్‌కు వచ్చిన ఆర్.ఎ. ఫిషర్ పైన చెప్పిన గందరగోళానికి మూడు మందులు చెప్పాడు. ప్రతి చర్యనూ ఒకటి కంటే ఎక్కువ మళ్ళలో వేయడం, అంటే పునరావృత్తి. ఏ మడికి ఏ చర్య అన్నది చీటీ తీసి నిర్ణయించడం, అంటే యాదృచ్ఛికీకరణ. ఒకేలాంటి నేల ఉన్న మళ్ళను ఒక ఖండంగా చేసి, పోలికను ఆ ఖండం లోపలే జరపడం. నేల వాలుకు అడ్డంగా ఖండాలు వేయాలి. పైన ఒకటి, దాని కింద ఒకటి. అప్పుడు వాలు వల్ల వచ్చే తేడా ఖండాల మధ్యనే ఉండిపోతుంది.

ఈ కింది అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి. పత్తిలో మూడు చర్యలు: అ – ఏమీ కొట్టనిది, ఆ – నీరు కొట్టినది, ఇ – నియంత్రకం కొట్టినది. నాలుగు ఖండాలు. 20 చదరపు మీటర్లకు పత్తి, కిలోల్లో.

ఖండం 1: అ 3.6, ఆ 3.9, ఇ 4.2
ఖండం 2: అ 4.1, ఆ 4.2, ఇ 4.3
ఖండం 3: అ 4.4, ఆ 4.8, ఇ 4.6
ఖండం 4: అ 4.7, ఆ 4.7, ఇ 5.3

సగటులు వరుసగా 4.2, 4.4, 4.6. ఇ, అ మధ్య తేడా 0.4 కిలోలు; హెక్టారుకు 200 కిలోలు. శాతంలో 9.5. అమ్మేవారైతే దీన్ని 10 అంటారు. మనం ఇంకొంచెం ముందుకు పోదాం.

మొత్తం విచలనపు వర్గాల మొత్తం 2.26. ఇందులో ఖండాల వాటా 1.74, చర్యల వాటా 0.32, మిగిలిన 0.20 దోషం. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వరుసగా ఖండాలకు 3, చర్యలకు 2, దోషానికి 6. చర్యల సగటు వర్గం 0.16, దోషం సగటు వర్గం 0.033. వీటి నిష్పత్తి, అంటే ఎఫ్ విలువ, 4.8. పట్టికలో 5 శాతం స్థాయిలో 2, 6కు ఎదురుగా ఉన్న విలువ 5.14. మన విలువ దాన్ని అందుకోలేదు. ఈ ప్రయోగం నుంచి మూడు చర్యల మధ్య తేడా ఉందని చెప్పలేం.

పొలంలోని హెచ్చుతగ్గుల్లో ఎక్కువ భాగాన్ని ఖండాలు పట్టుకున్నాయని చూశారు కదా. ఖండాలు లేకుండా లెక్కిస్తే దోషం 1.94కు పెరుగుతుంది, ఎఫ్ విలువ 0.74కు పడిపోతుంది. అవే మళ్ళు, అవే బరువులు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పని చేస్తారు. ఎఫ్ సార్థకం కాకపోయినా సి.డి. అని పిలిచే క్రిటికల్ డిఫరెన్స్ లెక్కిస్తారు. అది ఇక్కడ 0.32 వస్తుంది. ఇ, అ మధ్య 0.4 ఉంది కాబట్టి తేడా సార్థకమని రాసేస్తారు. ఎఫ్ పరీక్ష తలుపు తెరవకముందే కిటికీలోంచి దూకడం ఇది. సరే, దూకారనే అనుకుందాం. అసలు అడగవలసిన పోలిక ఇ, ఆ మధ్య; నియంత్రకానికీ నీటికీ మధ్య. అది 0.2 మాత్రమే. కరపత్రంలోని 10 శాతంలో సగం నీరు కొట్టిన మడిలోనే వచ్చేసింది. ఆ సగం కూడా యాదృచ్ఛికం కావచ్చు.

ఇంకొక సంగతి. నేను చదివిన ఎం.ఎస్సీ. థీసిస్‌లలో మొక్క ఎత్తు, ఆకుల సంఖ్య, ఆకు వైశాల్యం, పత్రహరితం, కొమ్మలు, పొడి బరువు అంటూ 20 లక్షణాలు కొలిచి, వాటిలో ఒకటో రెండో సార్థకం కాగానే దాని చుట్టూ చర్చ అల్లినవి చాలా ఉన్నాయి. ఏ ప్రభావమూ లేని మందుతో 20 స్వతంత్ర లక్షణాలు 5 శాతం స్థాయిలో పరీక్షిస్తే, కనీసం ఒకటి సార్థకంగా తేలే అవకాశం 64 శాతం. ఏ లక్షణంపై తీర్పు ఇస్తామో ప్రయోగానికి ముందే రాసిపెట్టుకోవాలి. మనకు అది దిగుబడి.

ఎన్ని పునరావృత్తులు?

మన ఉదాహరణలో మందు పనిచేయదని తేలిందా? లేదు. తేడా ఉందని తేలలేదు, అంతే. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని అర్థం చేసుకోవడమే ఈ భాగంలో అన్నిటికంటే ముఖ్యం. పనికిరాని మందును రైతు కొనడం ఒక నష్టం. పనికివచ్చే మందును చిన్న ప్రయోగం చూసి పారేయడం మరో నష్టం.

ఉజ్జాయింపుగా ఒక సూత్రం గుర్తుంచుకోండి. విచలన గుణకాన్ని మనం పట్టుకోదలచిన తేడా శాతంతో భాగించి, వర్గం చేసి, 16తో గుణించాలి. నిజంగా అంత తేడా ఉంటే 80 శాతం అవకాశంతో దాన్ని పట్టుకోవడానికి కావలసిన పునరావృత్తుల సంఖ్య వస్తుంది. పొలపు ప్రయోగాల్లో 10 శాతం విచలన గుణకం అంటే మంచి నిర్వహణ కిందే లెక్క. మెర్సర్, హాల్ మళ్ళలో అది 12 శాతానికి దగ్గరగా ఉంది. గుణకం 10 అయితే, 20 శాతం తేడాను పట్టుకోవడానికి 4 పునరావృత్తులు చాలు. 10 శాతం తేడాకు 16 కావాలి. 5 శాతం తేడాకు 64.

మన దగ్గర మామూలుగా వేసేది 3 లేదా 4 పునరావృత్తులు. నియంత్రకాల నుంచి నిజాయితీగా ఆశించగలిగేది చాలా సందర్భాల్లో 5 నుంచి 10 శాతం. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే మందుపై వచ్చిన నివేదికలు ఒకదానితో ఒకటి ఎందుకు కలహించుకుంటాయో అర్థమవుతుంది. చిన్న ప్రయోగాల్లో నిజమైన ప్రభావం ఎక్కువసార్లు తప్పిపోతుంది. ఎప్పుడైనా సార్థకంగా తేలితే, అది తన అసలు పరిమాణం కంటే పెద్దదిగా కనిపిస్తుంది; ఎందుకంటే పెద్దగా కనిపించినప్పుడే అది గీత దాటగలదు. అచ్చయ్యేది, కరపత్రానికి ఎక్కేది ఆ ఒక్కటే.

ఒకే చేనులో 64 ఖండాలు వేయలేం. వేయనవసరం కూడా లేదు. ఒకే ప్రణాళికతో ఐదు చోట్ల, మూడు సంవత్సరాలు, నాలుగేసి ఖండాలతో వేస్తే మొత్తం 60 అవుతాయి. వాటిని కలిపి విశ్లేషించినప్పుడు సగటు ప్రభావం ఎంతో తెలియడమే కాదు, అది చోటును బట్టి, సంవత్సరాన్ని బట్టి ఎంతగా మారుతోందో కూడా తెలుస్తుంది. రైతుకు సగటు కంటే ఈ రెండోదే ఎక్కువ అవసరం. నల్లరేగడిలో 12 శాతం పెరిగి, ఎర్ర నేలలో 4 శాతం తగ్గే మందు సగటున మంచిదే అనిపిస్తుంది. ఎర్ర నేల రైతుకు ఆ సగటుతో పనేమిటి? ఒక్క సంవత్సరపు ఫలితంతో సిఫారసు చేయడం, నా దృష్టిలో, బాధ్యత లేని పని. ఆ సంవత్సరం వానలు ఎలా కురిశాయన్నదే ఆ ఫలితంలో సగం కావచ్చు.

ఇక చట్టం సంగతి క్లుప్తంగా. మన దేశంలో ఎన్.ఎ.ఎ., జిబ్బరెల్లిక్ ఆమ్లం, క్లోర్‌మెక్వాట్ వంటి నియంత్రకాలు 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద నమోదు కావాలి. సముద్రపు నాచు సారం, హ్యూమిక్ ఆమ్లం వంటి జీవ ఉత్ప్రేరకాలు చాలా కాలం ఏ చట్టం కిందికీ సరిగా రాకుండా అమ్ముడయ్యాయి. 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి వాటిని దాని పరిధిలోకి తెచ్చారు. దానితో వాటి తయారీదారులు కూడా పనితనానికి సమాచారం చూపవలసి వచ్చింది. ఆ సమాచారం ఎలాంటి ప్రయోగం నుంచి వచ్చిందో చదివి తేల్చగల మనుషులు ఉంటేనే ఆ నిబంధనకు విలువ.

అభ్యాస ప్రశ్నలు

1. ఒక మందులో మెపిక్వాట్ క్లోరైడ్ మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు ఉంది. లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కలిపి, ఎకరాకు 200 లీటర్లు పిచికారీ చేస్తే గాఢత ఎన్ని పి.పి.ఎం.? ఎకరాకు ఎన్ని గ్రాముల మెపిక్వాట్ పడుతుంది?

2. పైన ఇచ్చిన పత్తి ప్రయోగంలో విచలన గుణకం సుమారు 4.15 శాతం. మామూలు పొలాల్లో ఇంత తక్కువ రావడం అరుదు. అయినా, నియంత్రకానికీ నీటికీ మధ్య ఉన్న 0.2 కిలోల తేడా నిజమైనదే అనుకుంటే, దాన్ని 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి ఎన్ని ఖండాలు కావాలి? (సగటు దిగుబడి 4.4 కిలోలు.)

3. మీ ఊరి దుకాణంలో దొరికే ఏదైనా ఒక వృద్ధి నియంత్రకం కరపత్రాన్ని తీసుకోండి. అందులో దిగుబడి పెరుగుదల శాతం ఉంటే, దేనితో పోల్చారు, ఎన్ని చోట్ల, ఎన్ని సంవత్సరాలు, ఎన్ని పునరావృత్తులు అనే సమాచారం ఉందేమో వెతకండి. లేని ప్రతి దానికీ, అది తెలియకపోవడం వల్ల తీర్పు ఎలా తప్పవచ్చో ఒక్కో వాక్యం రాయండి.

4. మీ ప్రాంతంలో పండే ఒక పంటకు, ఒక నియంత్రకాన్ని పరీక్షించడానికి ప్రణాళిక వేయండి. దిగుబడిని ఆపుతున్న అడ్డంకి ఏమిటని మీరు అనుకుంటున్నారో ముందు రాసి, ఆ తరువాతే చర్యలు, మోతాదులు, పిచికారీ దశ, మడి కొలతలు రాయండి. ఆ పంట ప్రస్తుత ధరతో లెక్కించి, మందు ఖర్చు, కూలీ ఖర్చు తిరిగి రావడానికి దిగుబడి ఎన్ని కిలోలు పెరగాలో కూడా చూపండి.